చెవులతో చూసిన చిల్కా

విశాఖపట్నం నుంచి హౌరా వైపు వెళ్లే రైలెక్కిన ఆంధ్రులలో చిల్కా సరస్సును చూడనివారు అరుదు. బరంపురం దాటి రంభ స్టేషను సమీపించేసరికి పెట్టెలోని జనమంతా కుడివైపు కిటికీల దగ్గర మూగుతారు. పిల్లలు "సముద్రం! సముద్రం!" అని కేకలు పెడతారు. పెద్దలు "సముద్రం కాదురా, చిల్కా" అని సరిదిద్దుతారు. బాలుగావ్ దాటేవరకూ ఒక పక్క కొండలు, మరో పక్క నీళ్లు. ఆ తరువాత ఎవరి చోట్లలో వాళ్లు కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుకుంటారు. మనలో చాలామందికి చిల్కాతో పరిచయం అంతే.

అయితే చిల్కాలో చూడవలసినది కొంతే. వినవలసినది ఎక్కువ. ఆ వినవలసినది నీటి అడుగున ఉన్నది.

మన దేశంలో ఉప్పునీరూ మంచినీరూ కలిసే సరస్సులలోకెల్లా పెద్దది చిల్కా. ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100 పైచిలుకు. ఉత్తరాన మహానది పాయలయిన దయ, భార్గవి మొదలైనవి మంచినీటిని తెచ్చి పోస్తాయి. తూర్పున సన్నని ఇసుకతిన్నె అవతల బంగాళాఖాతం. ముఖద్వారం గుండా పోటుకు సముద్రం లోపలికి వస్తుంది, ఆటుకు సరస్సు బయటికి పోతుంది. ఇంత పెద్ద సరస్సు లోతు చాలాచోట్ల నిలువెత్తు మనిషిని మించదు. అందువల్లనే ఇది చేపలకూ రొయ్యలకూ పీతలకూ పుట్టిల్లు. శీతకాలంలో నలబాన దీవి చుట్టూ లక్షల కొద్దీ వలస పక్షులు దిగుతాయి.

1936 దాకా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో భాగమే గనుక దక్షిణపు ఒడ్డున మన తెలుగు మాట కొత్తకాదు. ఈనాటికీ గంజాం, పూరీ తీరాలలో సముద్రం మీద బతికే నోలియాలు ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు.

విశాఖలో దొరికిన జంతువు

పూరీ నుంచి సుమారు యాభై కిలోమీటర్లు బస్సులో పోతే సాతపడా అనే రేవు వస్తుంది. ముఖద్వారానికి దగ్గర. యాత్రికులు అక్కడికి వెళ్లేది డాల్ఫిన్ల కోసం. ఇవి సినిమాలలో గంతులు వేసే పొడుగు ముక్కు డాల్ఫిన్లు కావు. వీటికి ముక్కు లేదు. బోడిగుండులాంటి గుండ్రని తల, బూడిదరంగు ఒళ్లు, వీపు మీద పొట్టి రెక్క. నిండా పెరిగితే రెండు, రెండున్నర మీటర్లు ఉంటుంది. గంతులు తక్కువ. గాలి పీల్చుకోవటానికి వీపు కాస్త పైకి తేల్చి, మనం "అదుగో" అనేలోపల మునిగిపోతుంది.

లోకమంతా దీనిని ఇరావతీ డాల్ఫిన్ అంటుంది. బర్మాలోని ఇరావతీ నది పేరు పెట్టారు గాని, శాస్త్రజ్ఞుల పుస్తకంలో ఇది మన ఊరి జంతువు. 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన ఒక డాల్ఫిన్ వివరాలను సర్ వాల్టర్ ఇలియట్ సేకరించి ఇంగ్లండుకు చేర్చాడు. అమరావతి శిల్పాలను తవ్వించిన ఇలియట్ దొర ఈయనే. దానిని పరిశీలించి 1866లో దీనికి శాస్త్రీయ నామం ఇచ్చినవాడు రిచర్డ్ ఓవెన్. 'డైనోసార్' అనే మాటను సృష్టించినవాడూ ఆయనే. ఆ నామంలోని రెండో భాగానికి 'పొట్టి ముక్కుది' అని అర్థం. విశాఖలో పేరు పుట్టిన ఈ ప్రాణిని ఇవాళ చూడాలంటే మనం చిల్కాకు పోవాలి. అక్కడైనా ఈ మధ్య సంవత్సరాల లెక్కల ప్రకారం నూట యాభై అటూ ఇటూగా ఉన్నాయి. 2017 నుంచి వీటి జాతిని ప్రపంచంలోనే అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల పట్టికలో చేర్చారు.

నూట యాభై అంటే ఒక పెళ్లిపందిరిలో సగం జనం. ఒకటి చచ్చినా లెక్కే, ఒకటి పుట్టినా లెక్కే. అయితే మట్టినీటిలో క్షణకాలం వీపు చూపి మాయమయ్యేదాన్ని లెక్కపెట్టడం ఎలా? రాత్రివేళ అవి ఎక్కడ తిరుగుతున్నవో తెలుసుకోవటం ఎలా? కన్ను ఓడిపోయేచోట చెవి పనికివస్తుంది.

తాలింపు చిటపటలు

గత జనవరిలో మేము సాతపడా వెళ్లినప్పుడు మా మేనల్లుడు కూడా వచ్చాడు. అతను కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాడు. సంచిలో నుంచి ఒక నల్లని తీగ, దాని చివర బొటనవేలంత రబ్బరు తొడుగు, టిఫిను డబ్బా అంత రికార్డింగు యంత్రం తీశాడు. ఆ తొడుగులో ఉన్నదే హైడ్రోఫోన్, అంటే నీళ్లలో పనిచేసే మైకు. అందులో ఒక పింగాణీ బిళ్ల ఉంటుంది. నీటిలో చప్పుడయితే ఒత్తిడి మారుతుంది. ఆ ఒత్తిడికి బిళ్లలో ఇంత విద్యుత్తు పుడుతుంది. నొక్కితే విద్యుత్తునిచ్చే స్ఫటికాల గుణాన్ని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనిపెట్టారు. ఆ ఇద్దరిలో ఒకరు తరువాతి కాలంలో మేడం క్యూరీ భర్త.

మా పడవవాడు చాలాకాలం విశాఖ చేపల రేవులో పనిచేసిన ఒడియా మనిషి. తెలుగు బాగా వచ్చు. యంత్రాన్ని అనుమానంగా చూసి, "చేపల్ని పట్టే మిషనా బాబూ?" అన్నాడు.

"పట్టేది కాదు, వినేది" అన్నాడు మావాడు.

"వినడానికేముంది బాబూ! బొరొగ చేప వలలో పడితే గుర్రుమంటుంది. మేం రోజూ వింటాం" అన్నాడు పడవవాడు నవ్వుతూ.

ఒక చోట ఇంజను ఆపించి, తీగను నీళ్లలోకి వదిలాడు మావాడు. చెవి గొట్టాలు ముందుగా మా ఆవిడకు ఇచ్చాడు. ఆమె ముఖం విచ్చుకుంది. "ఇదేమిటి, బాణలిలో ఆవాలు చిటపటలాడుతున్నాయి!" అంది.

"అవి ఆవాలు కావత్తయ్యా, రొయ్యలు" అన్నాడు మేనల్లుడు.

నేనూ విన్నాను. తెంపు లేకుండా చిటపట, చిటపట. వేలెడంత ఉండే ఒక జాతి రొయ్యకు ఒక డెక్క రెండోదానికంటె చాలా పెద్దది. ఆ డెక్కను టక్కున మూస్తే నీరు చిమ్మనగోవిలా దూసుకుపోతుంది. ఆ వేగానికి నీటిలో ఒక బుడగ పుట్టి, మరుక్షణంలో పేలిపోతుంది. చప్పుడు చేసేది డెక్క కాదు, బుడగ పేలుడు. ఈ రహస్యం 2000లో గాని బయటపడలేదు. ఆ దెబ్బకు పక్కనున్న చిన్న ప్రాణులు సొమ్మసిల్లుతాయి, రొయ్యకు భోజనం సిద్ధం. ఆల్చిప్పల సందుల్లో, రాళ్ల కింద, బురద బొరియల్లో ఇవి కాపురముంటాయి.

నీటికి చెవి ఒగ్గటం

నీటిలో చప్పుడు గాలిలోకంటె నాలుగున్నర రెట్లు వేగంగా, చాలా దూరం పోతుంది. ఈ వేగాన్ని మొదట సరిగా కొలిచినది 1826లో, జెనీవా సరస్సులో. కొలాడన్, స్టర్మ్ అనే ఇద్దరు పదమూడు కిలోమీటర్ల ఎడంగా రెండు పడవల్లో కూర్చున్నారు. ఒక పడవ కింద నీళ్లలో గంట మోగించి, అదే క్షణంలో పైన మందుగుండు వెలిగించారు. రెండో పడవలోని మనిషి వెలుగు కనబడిన క్షణం నుంచి, నీటిలో ముంచిన గొట్టం గుండా గంట వినబడేదాకా కాలం లెక్కపెట్టాడు. సెకనుకు 1,435 మీటర్లు అని తేలింది. ఈనాటి లెక్కలకు అది ఎంతో దగ్గర.

శాస్త్రజ్ఞులకంటె ముందే బెస్తవారు ఈ సంగతి కనిపెట్టారు. మలయా తీరంలో నీట మునిగి చేపల గుంపు గొంతును బట్టి వల ఎక్కడ వేయాలో చెప్పే నిపుణులు ఉండేవారు. సింహళంలోని బట్టికలోవా ఉప్పుటేరు 'పాడే చేపల'కు ప్రసిద్ధి. వెన్నెల రాత్రి తెడ్డును నీటిలో ఉంచి, పైకొసను చెవికి ఆనిస్తే సన్నని వీణానాదం వంటిది వినబడుతుందని అక్కడివారు చెప్పుకుంటారు. 1848లో అక్కడికి వెళ్లిన ఎమర్సన్ టెనెంట్ అనే అధికారి తన గ్రంథంలో దాన్ని వర్ణించాడు.

రెండవ ప్రపంచయుద్ధంలో ఈ చేపలూ రొయ్యలూ నౌకాదళాలను హడలగొట్టాయి. 1942లో అమెరికాలోని చెసపీక్ అఖాతంలో శత్రు జలాంతర్గాముల జాడ కోసం హైడ్రోఫోన్లు అమర్చారు. వసంతకాలం సాయంత్రాలలో వాటి నిండా ఒకటే రొద. తీరా చూస్తే అవి గొరక జాతి చేపలు. మన కోస్తాలో లక్షల ధర పలికిందని పత్రికల్లో పడే కచిడి చేప కూడా ఆ వంశానిదే. వీటి కడుపులో గాలితిత్తి ఒకటి ఉంటుంది. దాని పక్క కండరాలు డోలు మీద పుల్లల్లా తిత్తిని కొడతాయి. చిత్రమేమిటంటే, కచిడికి అంత వెల తెచ్చేదీ ఆ తిత్తే. గొంతు అయినదే దాని ప్రాణం మీదికి తెచ్చింది!

గుడ్లు పెట్టే రుతువులో, పొద్దుగూకేవేళ ఈ చేపలు గుంపులుగా చేరి బృందగానం చేస్తాయి. మెక్సికోలో కొలరాడో నది ముఖద్వారానికి ఏటా ఇలాంటి చేపలే వచ్చిపడతాయి. ఆ గోల పడవ అడుగు చెక్కలలోంచి బెస్తలకు వినబడుతుంది. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ చప్పుడు ఎంత బిగ్గరగా ఉన్నదో కొలిచి, దాన్ని బట్టి ఆ గుంపులో సుమారు పదిహేను లక్షల చేపలు ఉన్నట్టు అంచనా కట్టారు. వల వేయలేదు, ఒక్క చేపనూ చంపలేదు.

నిండుకుండ తొణకదంటారు. నిండు సరస్సు సంగతి వేరు. అందులో జీవం నిండేకొద్దీ చప్పుడు హెచ్చుతుంది. అమెరికాలోని ఉత్తర కరోలినా తీరంలో ఆల్చిప్పల దిబ్బలున్న చోట చప్పుడు ఎక్కువనీ, బోసి నేల ఉన్నచోట తక్కువనీ కనిపెట్టారు. నీటిలో కొట్టుకుపోయే ఆల్చిప్ప పిల్లలు ఆ దిబ్బల సందడి ఉన్నచోటనే ఎక్కువగా స్థిరపడతాయట. మన పిల్లవాడు తప్పిపోయి తిరునాళ్ల వైపు నడిచినట్టు! అందువల్ల ఒక హైడ్రోఫోనును నీటి అడుగున ఏడాదిపాటు ఉంచితే అది ఆ చోటి పంచాంగమే రాస్తుంది. వాన ఎప్పుడు పడిందీ, చేపలు ఏ నెలలో గుడ్లు పెట్టిందీ, డాల్ఫిన్లు ఏ వేళకు వచ్చిందీ, పడవలు ఎన్ని తిరిగిందీ అన్నీ అందులో ఉంటాయి. వరసగా కొన్నేళ్లు వింటే సరస్సు కోలుకుంటున్నదో క్షీణిస్తున్నదో తెలుస్తుంది.

కుట్టుమిషను మోత

డాల్ఫినుకు నీటిలో చెవే కన్ను. అది నిముషానికి ఎన్నోసార్లు 'టిక్కు టిక్కు' మంటూ ధ్వనిని వదులుతుంది. ఎదుట చేప ఉంటే ధ్వని తగిలి వెనక్కు వస్తుంది. వచ్చిన వ్యవధిని బట్టి దూరం గ్రహిస్తుంది. మనుషుల చెవి సెకనుకు ఇరవైవేల కంపనాల దాకానే వినగలదు. ఇరావతీ డాల్ఫిన్ టిక్కులు లక్ష కంపనాల దరిదాపున ఉంటాయి. అవి మన పడవ పక్కనే కేకలు వేసినా మనం చెవిటివాళ్లమే.

ఆ ఉదయం ఇంజను ఆపిన కొంతసేపటికి, యాభై గజాల దూరాన రెండు బూడిదరంగు వీపులు తేలి మునిగాయి. మావాడి యంత్రం పనిచేస్తూనే ఉన్నది. రాత్రి బసలో దానిని పది రెట్లు నెమ్మదిగా తిప్పి వినిపించాడు. మొదట గోడగడియారంలా టిక్, టిక్, టిక్. తరువాత టిక్కుల మధ్య ఎడం తగ్గుతూ, తగ్గుతూ, చివరకు టర్ర్‌ర్ మని ఒకటే మోత.

"కుట్టుమిషను తొక్కినట్టుంది" అంది మా ఆవిడ.

"చేప దగ్గరయ్యే కొద్దీ టిక్కులు దగ్గరవుతాయి అత్తయ్యా. ఆ కడపటి మోత, నోటికందే చేపది" అన్నాడు మేనల్లుడు.

ఇటువంటి టిక్కులను బట్టి లెక్కలు కట్టటం మన దేశంలో సాగుతూనే ఉన్నది. చూపు దాదాపు లేని గంగానది డాల్ఫిన్ల గణన 2021 నుంచి 2023 దాకా జరిగింది. కంటితో చూసేవారికి తోడుగా హైడ్రోఫోన్లు వాడారు. 28 నదులలో 8,500 కిలోమీటర్లకు పైగా తిరిగి, మొత్తం 6,327 నదీ డాల్ఫిన్లు ఉన్నట్టు తేల్చి, 2025 మార్చిలో ప్రకటించారు. చెవి లెక్కకూ హద్దులున్నాయి. మూడు టిక్కులు మూడు డాల్ఫిన్లవో, ఒకదానివే మూడో ఒక్క హైడ్రోఫోను చెప్పలేదు. మనకు రెండు చెవులున్నట్టు రెండుమూడు హైడ్రోఫోన్లు ఎడంగా ఉంచి, చప్పుడు దేనికి ముందు తగిలిందో చూసి దిక్కు కట్టాలి. నోరు మెదపకుండా పోయే డాల్ఫిన్ లెక్కలోకి రాదు. అందుకే కన్నూ చెవీ రెండూ కావాలి.

పడవవాడి మాట

మేము వింటూ ఉండగానే ఒక యాత్రికుల మోటారు పడవ దూరాన పోయింది. చెవి గొట్టాలలో రొయ్యల చిటపట మొత్తం మునిగిపోయింది. పెళ్లివారి మైకు పక్కన నిలబడి ఇంట్లోవాళ్లతో మాట్లాడబోయినట్టయింది. పడవ కనుమరుగైన తరువాత కూడా ఆ మోత చాలాసేపు వినవచ్చింది. చెవితో వేటాడే జంతువుకు ఇది ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? గంగలో జరిగిన ఒక అధ్యయనం 2019లో ప్రచురించారు. వేసవిలో నీరు తగ్గి, పడవల రొద పెరిగినప్పుడు డాల్ఫిన్లు తమ పిలుపులను మార్చుకుని, అందుకోసం ఎక్కువ శక్తి ఖర్చు పెట్టవలసి వస్తున్నదని అందులో తేలింది. చిల్కాలో వలల్లో చిక్కి, పడవ పంకాలు తగిలి చనిపోయిన డాల్ఫిన్లూ ఉన్నాయి.

"మరి దగ్గరకు రాగానే ఇంజను ఆపకూడదా?" అని పడవవాణ్ణి అడిగాను.

అతను కాస్త ఆలోచించి అన్నాడు: "ఆపితే వచ్చినవాళ్లు కోప్పడతారు బాబూ. దగ్గరగా చూపించలేదని డబ్బులు తగ్గిస్తారు. వెంటపడితే అవి మునిగిపోతాయి. అప్పుడూ మమ్మల్నే అంటారు. గంటలో ఒడ్డుకు చేరకపోతే నాకు తరువాతి బేరం పోతుంది. డాల్ఫిన్ లేకపోతే నాకు కూడు లేదని తెలీదనుకున్నారా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. చిల్కా ఒడ్డున చేపల మీద బతికేవారు రెండు లక్షల దాకా ఉన్నారు. ఆ చేపలు తగ్గితే ఏమవుతుందో వారు ఒకసారి చూశారు. ముఖద్వారం ఇసుకతో పూడి, ఉప్పు తగ్గి, గుర్రపుడెక్క పెరిగి, చేపలు అడుగంటాయి. 2000 సెప్టెంబరులో ఇసుకతిన్నెను తవ్వి సముద్రానికి కొత్తదారి తీశారు. అంతకుముందు ఏడాదికి రెండువేల టన్నులు కూడా దొరకని చేపలు 2001-02లో పదకొండువేల టన్నులు దాటాయి. 1993లో ప్రమాదపు జాబితాకు ఎక్కిన సరస్సును 2002లో అందులోనుంచి తీసివేశారు. రొయ్యల కోసం నీటిలో కట్టిన వలకట్లను 2017 తరువాత పెద్దఎత్తున తొలగించాక, డాల్ఫిన్లు పూర్వం మానేసిన చోట్లకు తిరిగి వస్తున్నాయి. అంటే మనుషులు దారి ఇస్తే నీరు తన మర్యాద తాను నిలబెట్టుకుంటుంది.

మన రేవుల సంగతి

మనకూ ఇటువంటి చోట్లు లేకపోలేదు. గోదావరి సముద్రాన కలిసేచోట కోరంగి మడ అడవులు, హోప్ దీవి చాటున కాకినాడ అఖాతం, కృష్ణా ముఖాన మడలు, దక్షిణాన పులికాట్. మడ వేళ్ల సందుల్లో రొయ్యలు, చేపపిల్లలు పెరుగుతాయి. పక్కనే ఓడలు తిరుగుతాయి. ఆ నీళ్ల చప్పుడు ఇవాళ ఎలా ఉన్నదో రాసిపెట్టుకుంటే, పాతికేళ్ల తరువాత మన మనుమలు పోల్చి చూసుకోవటానికి ఒక ఆధారం ఉంటుంది. చేపలు పోయాక లెక్క మొదలుపెడితే ప్రయోజనం లేదు. హైడ్రోఫోన్ల ధరలు ఇప్పుడు కాలేజీలకు అందనంతవి కావు. మత్స్యకారుల పిల్లలు చదివే బళ్లలో ఈ పని ఒక పాఠంగా పెట్టినా బాగుంటుంది. ఏ చోట ఏ చేప గుర్రుమంటుందో వారి తండ్రులకు తెలుసు.

చిల్కా వెళ్లదలచినవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. పక్షులు కావాలంటే బాలుగావ్ వైపు దిగాలి. అక్కడినుంచే కాళీజాయి దేవి దీవికి పడవలు పోతాయి. డాల్ఫిన్లు కావాలంటే పూరీ మీదుగా సాతపడా. ఉదయం తొందరగా బయలుదేరటం మంచిది, గాలి తక్కువ, నీరు నిలకడ. ఎండకు గొడుగు, పిల్లలకు మంచినీళ్లు మరవవద్దు.

పడవ మాట్లాడేటప్పుడే ఒక షరతు పెట్టండి. డాల్ఫిన్ల చోటికి కొంత దూరంలో ఇంజను ఆపి, పావుగంట ఊరికే నిలబడాలని చెప్పండి. ఆ పావుగంటకు అదనంగా కొంత సొమ్ము ఇస్తామని కూడా ముందే చెప్పండి. మేము అలాగే చేశాము. ఇంజను ఆగాక మొదట ఏమీ వినబడలేదు. తరువాత పడవ పక్కల నీటి తాకిడి, దూరాన ఒక పక్షి అరుపు. ఆ తరువాత, మా వెనక ఎక్కడినుంచో, 'ఫూ' మని ఎవరో దీర్ఘంగా ఊపిరి వదిలినట్టు వినవచ్చింది. చూస్తే నీటి మీద వలయాలు మాత్రం మిగిలాయి. "అదే బాబూ" అన్నాడు పడవవాడు, గొంతు తగ్గించి.